ఎర్ర పట్టీ బోల్టులు

3వ తేదీ, సోమవారం

ఓనరు ఇవాళ నా టేబుల్ దగ్గరికి వచ్చి, జేబులోంచి ఒక బోల్టు తీసి, సంబంధం తెచ్చినవాళ్ళు పెళ్ళికొడుకు ఫొటో చూపించినట్టు చూపించాడు. బోల్టు మర చుట్టూ ఎర్రటి పట్టీ ఉంది. పొడిగా, వేలితో తడిమితే కాస్త గరుగ్గా ఉంది.

"ఇదేంటో చెప్పుకోండి చూద్దాం" అన్నాడు.

"బోల్టు" అన్నాను.

"బోల్టే. కానీ మీరు వేసే చుక్క దీనిమీద ముందే ఉంది. బోల్టుల కంపెనీవాళ్ళే పూసి, ఆరబెట్టి పంపిస్తారు. మనం తియ్యడం, బిగించడం, అంతే. ఇక మీకు శ్రమ ఉండదు."

నాకు శ్రమగా ఉందని ఈయనకి ఎవరు చెప్పారో తెలియదు. నేనైతే చెప్పలేదు.

చుక్కంటే కంట్లో వేసే చుక్క అనుకున్నాడో ఏమో. స్టాండు ఫ్యాను తలకాయని స్తంభానికి పట్టి ఉంచేది ఒకే ఒక్క మెడ బోల్టు. దాని మర మీద సీసాలోంచి ఒక్క చుక్క జిగురు వేసి నేను ఇస్తే పొడుగాయన స్పానరుతో బిగిస్తాడు. జిగురు గట్టిపడ్డాక ఫ్యాను ఎంతకాలం అటూ ఇటూ తిరిగినా బోల్టు వదులు కాదు. చుక్క పెద్దదైతే కారిపోతుంది, చిన్నదైతే పట్టదు. ఎంత వెయ్యాలో సీసా మీదున్న నా వేలికి తెలుసు. ఫ్యాన్లు తయారుచేసే మా షాపు నుంచి బయటికెళ్ళిన ప్రతి ఫ్యానూ తలెత్తుకుని తిరుగుతోందంటే అది నా చుక్క వల్లే. గొప్పలు చెప్పుకోకూడదు కానీ ఇది నా డైరీ కాబట్టి చెప్పుకున్నాను.

ఈ నెలంతా పరీక్షట. ఎర్ర పట్టీ బోల్టులు బాగా పనిచేస్తే నా టేబుల్ ఎత్తేస్తారు. నన్ను ప్యాకింగులో వేస్తారు.

ప్యాకింగు సూపర్‌వైజరు మా తోటికోడలు.

నాకేం కోపం రాలేదు.

4వ తేదీ, మంగళవారం

పొద్దున్న నేను గిన్నెలు తోముతుంటే మా ఆయన వచ్చి, "అవేం పాపం చేశాయి?" అన్నాడు. చెప్పాను. మొత్తం విని, "అయితే ఇంట్లో నువ్వు ఆ అమ్మాయికి అత్తగారిలాంటిదానివి, అక్కడ ఆ అమ్మాయి నీకు అత్తగారు. చెల్లుకి చెల్లు" అని నవ్వుకుంటూ స్కూలు వ్యాను తియ్యడానికి వెళ్ళిపోయాడు. రోజంతా ముప్పైమంది పిల్లల మధ్య ఉండి ఈ మనిషికి బుద్ధి కూడా వాళ్ళంతే మిగిలింది.

చిన్నది, అంటే మా మరిది భార్య, పెళ్ళై వచ్చిన కొత్తలో కుక్కరు మూత ఎటు తిప్పాలో కూడా తెలియని పిల్ల. నేనే చూపించాను. ఈ షాపులో ఉద్యోగం కూడా నేనే ఓనరుని అడిగి ఇప్పించాను. కింద వాటాలో వాళ్ళు, పై వాటాలో మేము. మెట్లు తుడవడం దగ్గర్నుంచి మోటారు ఎప్పుడు వెయ్యాలన్నదాకా నేను చెప్పడం, తను "సరే అక్కా" అనడం. ఆ "సరే అక్కా"లో ఎంత సరే ఉందో నాకు తెలుసు, అది వేరే సంగతి.

ఇప్పుడు తను చెప్తే నేను వినాలి. అట్టపెట్టె ఎలా మడవాలో నాకు చిన్నది నేర్పాలి.

కోపం కాదు. ఏదోలా ఉంది.

6వ తేదీ, గురువారం

ఎర్ర పట్టీ బోల్టుల మొదటి పెట్టె వచ్చింది. ఓనరు దాన్ని తెచ్చి నా టేబుల్ మీదే పెట్టాడు. "ఈ నెల మీకు చుక్కల పని లేదు కదా. వచ్చిన సరుకు మీరు చూసి పొడుగాయనకి పంపండి" అన్నాడు. నా గొయ్యి నన్నే తవ్వమన్నట్టుంది.

సరుకు చూడటమంటే నాకు తెలిసింది ఒక్కటే. బోల్టుకి నట్టు ఎక్కించి, చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి తియ్యాలి. మరలో ఎక్కడ దెబ్బ ఉన్నా చేతికి తెలిసిపోతుంది. సీసా రోజుల్లో కూడా చుక్క వెయ్యడానికి ముందు ప్రతి బోల్టునీ ఇలాగే చూసేదాన్ని. షాపులో ఇంకెవరూ ఇంత చెయ్యరు. నాది చాదస్తం అంటారు. అననీ.

ఇవి మహా మొండివి. నట్టు ఎర్ర పట్టీ దాకా వచ్చి ఆగిపోతుంది. స్పానరు వేసి తిప్పితేగానీ కదల్లేదు. తిప్పుతుంటే ఎర్ర పొడి రాలి ఒడంతా పడింది. ఇదా ఆ గొప్ప జిగురు? పెయింటు. అదీ నాసిరకం పెయింటు. అసలు జిగురంటే తడిగా ఉండాలి, వేలికి అంటుకోవాలి.

ఒకటి మాత్రం గట్టిగా అనుకున్నాను. తన టేబుల్ పోతుందన్న అక్కసుతో ఈవిడ సరుకు సరిగ్గా చూడలేదని రేపు ఎవరూ నన్ను వేలెత్తి చూపకూడదు. అందుకని ప్రతి బోల్టునీ రెండేసిసార్లు చూశాను. రెండోసారి నట్టు హాయిగా తిరిగింది. రాలిన పొడి కూడా గుడ్డతో తుడిచి మరీ పంపాను. శత్రువు సరుకైనా నా టేబుల్ మీంచి శుభ్రంగా వెళ్ళాలి.

7వ తేదీ, శుక్రవారం

రెండో పెట్టె. రెండేసిసార్లు. వేళ్ళు నొప్పి. చిన్నది ప్యాకింగు గది గుమ్మంలో నిలబడి నా వైపు చూసి నవ్వింది. ఎందుకు నవ్విందో.

10వ తేదీ, సోమవారం

పరీక్ష గదిలో తయారైన ఫ్యాన్లని వరసగా పెట్టి తిప్పుతారు. పొడుగాయన మొన్నటి నుంచి బిగించినవన్నీ అక్కడే తిరుగుతున్నాయి. ఇవాళ ఓనరు మా ఫ్యాన్లు కొనే ఒక పెద్ద కొట్టాయన్ని వెంటబెట్టుకుని ఆ గదిలోకి వచ్చాడు. నేను నీళ్ళ సీసా నింపుకోవడానికి వెళ్ళాను. నిజంగా నీళ్ళకే.

"కొత్త రకం బోల్టులండీ. ఇక మెడ వదులయ్యే ప్రశ్నే లేదు" అని ఓనరు అంటూండగానే, గోడ పక్కనున్న ఫ్యాను మెల్లిగా తల వంచేసింది. పెద్దవాళ్ళు గదిలోకి వస్తే కొత్తకోడలు వంచినట్టు. ఓనరు దాని గడ్డం పట్టుకుని పైకి ఎత్తాడు. వదలగానే మళ్ళీ వంచింది. ఈలోపు దాని పక్కది కూడా వంచింది.

"నమస్కారం పెట్టే మోడలా?" అన్నాడు కొట్టాయన.

ఓనరు మొహం మాడిపోయింది. పాపం.

నాకు చాలా బాధ కలిగింది. ఆ బాధలోనే ఇంటికొచ్చి తీపి చేశాను. మా ఆయన ఏంటి విశేషం అన్నాడు. పాలు మిగిలాయన్నాను. కింద వాటాకి కూడా ఒక గిన్నె పంపాను.

12వ తేదీ, బుధవారం

ఇవాళ పరీక్ష గదిలో సగం ఫ్యాన్లు నేల చూపులు చూస్తున్నాయి. ఓనరు వాటి మధ్య చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాడు. బడిలో పిల్లలందరికీ ఒకేసారి శిక్ష వేసిన మాస్టారులా ఉన్నాడు. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, "ఆ సీసా అదీ ఉంచారా, పారేశారా?" అన్నాడు.

"ఉంచానండీ" అన్నాను, నెమ్మదిగానే.

సీసా తీసి తుడిచి, మూత కొన శుభ్రం చేసి, ఎదురుగా కనిపించేలా పెట్టాను. నాకేం తొందర లేదు.

14వ తేదీ, శుక్రవారం

సాయంత్రం చిన్నది పైకి వచ్చింది. నేను తీపి పంపిన గిన్నె కడిగి తెచ్చింది. గిన్నె ఇచ్చేశాక కూడా వెళ్ళకుండా వంటింట్లో పీట లాక్కుని కూర్చుంది. ఏదో ఉందనుకున్నాను.

"అక్కా, ఒకటి అడుగుతాను. కోప్పడవు కదా?"

"అడగకుండానే కోపం సంగతి ఎందుకు? అడుగు."

"మొన్న నా దగ్గర ఒక ఫ్యాను తల వాల్చేసింది. మళ్ళీ పొడుగాయన దాకా ఎందుకులే అని, విడి బోల్టు కవరు ఒకటి చింపి నేనే బిగించేశాను."

ప్రతి అట్టపెట్టెలోనూ ఒక విడి బోల్టు, నట్టు పెట్టిన చిన్న కవరు వేస్తారు. ఆ కవర్లు బోల్టుల కంపెనీలోనే అంటించేసి ఉంటాయి. నేరుగా ప్యాకింగుకే పోతాయి.

"అయితే?"

"మర్నాడు ఆ పెట్టెకి కవరు తక్కువైందని, ఆ బోల్టు విప్పి వేరేది వేద్దామని చూశాను. రాలేదక్కా. స్పానరు వేసి ఇద్దరం లాగాం. ఫ్యాను లేచొచ్చింది కానీ బోల్టు రాలేదు."

నేను కూర తరుగుతున్నాను. కత్తి ఆపలేదు. ఆపితే గమనిస్తుంది.

"ఆ కవర్లు నీ టేబుల్ మీదికి రావు కదా" అంది.

"ఏంటి నీ ఉద్దేశం?"

"ఏం లేదు. నువ్వు ప్రతి బోల్టుకీ నట్టు ఎక్కించి తీస్తావు కదా. ఆ ఎర్రది ఒక్కసారికే పనిచేస్తుందేమో అని."

అరికాలి మంట నెత్తికెక్కింది. బోల్టుల గురించి నాకు చెప్పేంతదానివయ్యావా అన్నాను. నట్టు ఎక్కించి చూడకుండా సరుకు తీసుకునేది ఏ మూర్ఖుడన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. చిన్నది అన్నీ విని, "నేనెవరికీ చెప్పలేదక్కా. చెప్పను కూడా" అంది.

"ఎందుకు చెప్పవు?"

"చెప్తే నీ టేబుల్ తీసేసి నిన్ను నా దగ్గరికి పంపిస్తారు. నా వల్ల కాదు. అక్కడ నీకో మాట చెప్పి, సాయంత్రం మెట్ల మీద నీ మొహం చూడాలి. ఆ మధ్య మోటారు కరెంటు బిల్లు గురించి మా ఆయన ఏదో అన్నాడని నువ్వు దసరా బొమ్మలా బిగుసుకుపోయి ఎన్నాళ్ళు మాట్లాడలేదో గుర్తుందా? ఈ మాట విన్నప్పట్నుంచీ నాకు అన్నం సయించట్లేదు."

తన కింద పనిచెయ్యాలని నా బాధ నేను పడుతున్నాను కానీ, నేను తన కిందకి వస్తానని తనకీ ఒక బాధ ఉంటుందని నాకు తట్టనే లేదు. అయినా అన్నం సయించనంతగా నేనేం చేశాను?

"సరే. ఇద్దరం ఏం మాట్లాడొద్దు" అన్నాను.

"సరే అక్కా" అంది. ఈసారి అందులో పూర్తిగా సరే ఉంది. మేమిద్దరం ఒక మాట మీద నిలబడటం ఇదే మొదటిసారి.

15వ తేదీ, శనివారం

చిన్నది చెప్పింది తప్పు. తప్పని చూపించడం కూడా తేలికే. షాపు నుంచి రెండు బోల్టులు అడిగి తెచ్చాను. ఒకటి నేను చూసి తుడిచినది, ఒకటి పెట్టెలోంచి అలాగే తీసినది. మా వంటింటి ఇనపబల్లకి రెండు కాళ్ళు ఎప్పటినుంచో కదులుతున్నాయి. ఒక్కో కాలికి ఒక్కో బోల్టు వేసి, ఒకే బిగువున బిగించాను. మా ఆయన అటుగా వచ్చి, "బల్ల బాగుచెయ్యమని నాకు చెప్పీ చెప్పీ విసుగొచ్చిందా?" అన్నాడు.

అవును, అదే అన్నాను.

16వ తేదీ, ఆదివారం

సాయంత్రం మా ఆయన్ని పిలిచి, "ఈ రెండు బోల్టులూ విప్పండి" అన్నాను.

"నిన్ననేగా బిగించావు?"

"విప్పమంటున్నానా?"

నేను చూసి తుడిచిన బోల్టు స్పానరు పెట్టి అలా అనగానే కదిలింది. ఆ తర్వాత వేళ్ళతోనే వచ్చేసింది. రెండోదానికి మా ఆయన ముందు ఒక చేత్తో ప్రయత్నించాడు. తర్వాత రెండు చేతులతో. తర్వాత నేలమీద కూర్చుని, బల్ల కాలికి తన కాలు తన్నిపెట్టి లాగాడు. బల్ల జరిగి మీదికొచ్చింది. పైనున్న పళ్ళేలన్నీ కిందపడ్డాయి.

"ఈ కాలికి మన మనవల దాకా ఢోకా లేదు" అన్నాడు, ఆయాసపడుతూ. "ఆ రెండోదానికి కూడా ఇలాంటిదే వెయ్యరాదూ?"

నేను పళ్ళేలు ఏరుకున్నాను. పప్పులో కాలేశాను. కాలు కాదు, మోకాలి దాకా దిగాను. అన్ని పెట్టెలు, అన్ని బోల్టులు, రెండేసిసార్లు. పైగా తుడవడం.

అయినా ఒక్కసారికే పనికొస్తుందని పెట్టెమీద రాయొద్దూ? రాసే ఉందేమో. ఆ మూత నేను అడ్డంగా చింపేశాను.

సరే. తెలిసింది కదా. ఎవరికీ నష్టం లేదు. బోల్టులు వెనక్కి పోతాయి, నా సీసా నాకొస్తుంది, చిన్నదానికి అన్నం సయిస్తుంది. ఎవరికీ నష్టం లేదు.

17వ తేదీ, సోమవారం

నష్టం ఉంది.

బోల్టుల కంపెనీవాళ్ళు ఫోనులో, మా సరుకులో లోపం లేదు, బిగించేవాళ్ళని చూసుకోండి అన్నారట. గురువారం వాళ్ళ మనిషి వచ్చి చూస్తాడట. అప్పట్నుంచి ఓనరు పొడుగాయన పక్కన నిలబడి ఆయన చేతులే చూస్తున్నాడు. ఏమీ అనడు. చూస్తాడు. అది ఇంకా పాడు.

టీ వేళ పొడుగాయన నా దగ్గరికి వచ్చి, పనిముట్ల పెట్టె మీద కూర్చున్నాడు. కూర్చున్నా నాకంటే ఎత్తే.

"చెల్లెమ్మా, నా చెయ్యి పట్టుకుని చూడు. పట్టు తగ్గిందా?"

"అదేంటి అన్నయ్యా?"

"చూడమంటున్నానుగా."

చెయ్యి ఇచ్చాను. నొక్కాడు. ఉంగరం వేలిలో దిగబడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏం తగ్గలేదు" అన్నాను.

"జాలికి చెప్తున్నావు. మనసారా బిగిస్తున్నాను చెల్లెమ్మా. మునుపటికంటే ఎక్కువే బిగిస్తున్నాను. అయినా వదులైపోతున్నాయి. బిగించాననుకుంటున్నాను కానీ బిగించట్లేదేమో. మనిషికి తన చెయ్యి తనకి తెలియకుండా పోతుందా?"

నేను టీ తాగాను.

"గురువారం ఆ మనిషి వచ్చి నలుగురిలో ఆ మాట అనేదాకా ఎందుకు? ఆ రోజే నేనే మానేస్తానని చెప్పేస్తాను. పొమ్మనిపించుకోవడం కంటే అదే నయం" అని, కప్పు కడిగి పెట్టి వెళ్ళిపోయాడు.

రేపు చెప్తాను. రేపు పొద్దున్నే ఓనరు దగ్గరికెళ్ళి చెప్పేస్తాను.

18వ తేదీ, మంగళవారం

చెప్పలేదు.

ఇవాళ వచ్చిన పెట్టెకి మాత్రం నట్టు ఎక్కించలేదు. నాలుగైదింటికి ఎక్కించాను. చేతులు నా మాట వినలేదు.

19వ తేదీ, బుధవారం

చెప్పలేదు. గొంతు బాగాలేదు.

చిన్నది మెట్ల దగ్గర ఆపి, "అక్కా, పొడుగాయన సంగతి విన్నావా?" అంది. విన్నానన్నాను. "మనం ఆయన్నేం అనలేదు కదా" అంది. అవునన్నాను. ఇద్దరం నేల చూపులు చూశాం, పరీక్ష గదిలో ఫ్యాన్లలాగే.

20వ తేదీ, గురువారం

బోల్టుల కంపెనీ మనిషి వచ్చాడు. లావుపాటాయన. యంత్రాల్లో పడకుండా టై కొన మడిచి చొక్కా జేబులో దోపుకున్నాడు. పరీక్ష గదిలో అందరం చేరాం. ఓనరు, పొడుగాయన, నేను. చిన్నది గుమ్మంలో నిలబడింది. పొడుగాయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

టై ఆయన తల వాల్చిన ఫ్యాను ఒకటి విప్పించి, బోల్టుని భూతద్దంలో చూశాడు. చాలాసేపు చూశాడు.

"విచిత్రంగా ఉందే" అన్నాడు. "ఈ పట్టీలో కంటికి కనపడనంత సన్నటి బుడగలుంటాయి. వాటిల్లో జిగురు ఉంటుంది. నట్టు ఎక్కేటప్పుడు బుడగలు నలిగి పగిలి, జిగురు బయటికొచ్చి గట్టిపడుతుంది. ఒక్కసారికే అది. ఒకసారి ఎక్కించి తీసేస్తే ఆ బోల్టు ఇక దీనికి పనికిరాదు. ఇందులో ఒక్క బుడగ మిగల్లేదు. కొంత జిగురు అసలు బోల్టు మీదే లేదు. వీటిని ఎవరైనా ముందే బిగించి తీశారా?"

"ఉన్న పనికే తీరిక లేదు మావాళ్ళకి. బిగించినవి మళ్ళీ ఎవరు తీస్తారు?" అన్నాడు ఓనరు.

పొడుగాయన గొంతు సవరించుకున్నాడు. "సార్, నేనొక మాట చెప్పాలి" అన్నాడు.

గుమ్మంలోంచి చిన్నది నా వైపు చూసి, వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతోంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నోరు మాత్రం ఆడింది.

"నేను తీశాను" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

"మీరా? ఎన్నింటిని?" అన్నాడు టై ఆయన.

"అన్నింటినీ."

"అన్నీనా? ప్రతి బోల్టూ బిగించి తీశారా?"

"రెండేసిసార్లు" అన్నాను. "ఎర్ర పొడి రాలితే గుడ్డతో తుడిచి కూడా పంపాను."

టై ఆయన భూతద్దం కింద పెట్టాడు. "అమ్మా, నేను చాలా షాపులు చూశాను. మా జిగురు మీకు నచ్చకపోతే చెప్తే సరిపోయేది" అన్నాడు.

ఓనరు తిడతాడనుకున్నాను. నవ్వాడు. నిలబడి నవ్వి, చాలక స్టూలు మీద కూర్చుని నవ్వి, కళ్ళు తుడుచుకుని, నా మొహం చూసి మళ్ళీ నవ్వాడు. తిట్టినా బాగుండేది. తల తీసేసినట్టయింది.

పొడుగాయన నవ్వలేదు. కుడిచెయ్యి ఒకసారి తెరిచి, మూసి, తెరిచి చూసుకున్నాడు. తర్వాత వెళ్ళి పనిలో కూర్చున్నాడు.

టీ వేళకి నా దగ్గరికి వచ్చాడు. "నన్ను చంపినంత పని చేశావు చెల్లెమ్మా" అన్నాడు.

"అవునన్నయ్యా. సోమవారమే చెప్పాల్సింది."

"సోమవారమే తెలుసా నీకు?"

"ఆదివారమే తెలుసు."

నాకు తలెత్తాలనిపించలేదు. ఆయన తన బిస్కట్లలో సగం విరిచి నా ముందు పెట్టి, "తిను. మొహం పీక్కుపోయింది" అన్నాడు.

21వ తేదీ, శుక్రవారం

ఓనరు పిలిచి మర్యాదగానే చెప్పాడు. నేను నట్టు ఎక్కించకుండా పంపిన బోల్టులు వేసిన ఫ్యాన్లన్నీ తలెత్తుకుని నిలబడ్డాయి. ఇక ఎర్ర పట్టీ బోల్టులే ఉంటాయి. సోమవారం నుంచి నేను ప్యాకింగు.

చిన్నది పైకి వచ్చింది. ఈసారి కూర్చోలేదు.

"నువ్వొక్కదానివే మంచిదానివైపోయావు. నేనేం కావాలి? నాతో ఒక్క మాటైనా అన్నావా?"

"ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడే" అన్నాను.

"చూశాను" అంది. కోపం సగంలో ఆగిపోయింది. కిందకి వెళ్ళిపోయింది.

22వ తేదీ, శనివారం

టేబుల్ తీసేశారు. ఇన్నాళ్ళూ దాని కాళ్ళు ఉన్నచోట నేలమీద నాలుగు తెల్లటి మచ్చలు ఉన్నాయి. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, నీళ్ళ కుళాయి దగ్గరికెళ్ళి. నాకు ఆ టేబుల్ అంటే ప్రాణం. ఏం రాయాలో తెలియట్లేదు.

24వ తేదీ, సోమవారం

ప్యాకింగులో మొదటిరోజు.

పని కష్టమేం కాదు. పెట్టె మడిచి, అడుగున ఫోము ముక్క పెట్టి, దానిమీద తలకాయ, పక్కన స్తంభం, విడి బోల్టు కవరు, పైన ఇంకో ఫోము ముక్క, టేపు. పక్కవాళ్ళు రెండు కట్టేలోపు నేను మూడు కట్టాను. చేతి చురుకు ఎక్కడికీ పోలేదని లోలోపల మురిసిపోయాను.

చిన్నది ఒక్కో పెట్టె ఎత్తి, చెవి దగ్గర ఊపి చూసుకుంటూ వస్తోంది. నా మూడోది ఊపింది. లోపల లొడలొడమంది. అందరూ అటు చూశారు, తర్వాత నన్ను చూశారు. చిన్నది పెట్టె కింద పెట్టి లోపలి గదిలోకి వెళ్ళింది. కాసేపటికి వచ్చింది.

"అక్కా, ఇది విప్పి మళ్ళీ సర్దాలి" అంది. నలుగురికీ వినపడేలా అంది.

ఒళ్ళు మండింది. టేపు చింపాను. అడుగున పెట్టాల్సిన ఫోము ముక్క లోపల లేదు. నా పక్కన స్టూలు మీదే ఉంది. అలాగే పంపి ఉంటే దారిలోనే ఆ ఫ్యాను తలకాయ పగిలిపోయేది. మళ్ళీ సర్దాను. చిన్నది మళ్ళీ ఊపింది. "ఆ, ఇప్పుడు బాగుంది" అని ముందుకెళ్ళిపోయింది. సాయంత్రంలోపు ఇంకో పెట్టె కూడా విప్పించింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. చిన్నది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఒళ్ళో ఉన్న సంచి పట్టీని వేలికి చుడుతూ విప్పుతూ ఉంది.

"ఏమైంది?" అన్నాను.

"నీకు విప్పమని చెప్పే ముందు లోపలికెళ్ళి నీళ్ళు తాగొచ్చానక్కా. ఎలా చెప్పాలో అక్కడ పైకి అనుకుని చూసుకున్నాను."

"అందుకే అంత గట్టిగా వచ్చింది."

"గట్టిగా అన్నానా?"

"మా ఆయన వ్యానులో కూర్చున్నా వినపడేది."

నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. "అసలు చెప్పొద్దనుకున్నాను. నువ్వు అటు తిరిగినప్పుడు నేనే ఆ ముక్క పెట్టేసి, టేపు వేసేద్దామనుకున్నాను" అంది.

"అలా చేసి ఉంటే రేపట్నుంచి నేను వచ్చేదాన్ని కాదు" అన్నాను.

ముందు అనుకుని అన్నది కాదు. నోట్లోంచి వచ్చాక నిజమని తెలిసింది. తను నా మీద జాలిపడి, నా వెనకాల నా పెట్టె సర్దిపెట్టడం నేను భరించలేను. విప్పమన్నందుకు ఒళ్ళు మండింది. విప్పమనకపోతే చచ్చిపోయి ఉండేదాన్ని.

చిన్నది ఏడ్చింది. బస్సులో అందరూ చూస్తున్నా ఆపుకోలేదు. నేను భుజం మీద చెయ్యి వేశాను. ఎన్నేళ్ళుగా ఒకే మెట్లు ఎక్కి దిగుతున్నామో కానీ అలా చెయ్యి వెయ్యడం గుర్తులేదు.

దిగేటప్పుడు తన సంచి నేను తీసుకున్నాను.

"ఇలా ఇవ్వక్కా, నువ్వు మొయ్యడమేంటి?" అంది.

ఇవ్వలేదు. ఇంటిదాకా నేనే మోశాను. కింద వాటా తలుపు దగ్గర సంచి చేతికిస్తూ, "రేపు కూడా తప్పుంటే విప్పించు" అన్నాను. "సరే అక్కా" అంది.

నాకు ఈ పిల్లంటే ఇష్టం. ఈ ఒక్క ముక్క రాయడానికి ఇంతసేపు పట్టింది. కొట్టెయ్యను.